మిషను చల్లగానే ఉంది

ఇల్లు, వెనక వసారా
ఆదివారం

అమ్మడూ,

నా దస్తూరి సంగతి నీకు తెలుసు. వంకర టింకర. తప్పులు కూడా ఉంటాయి. ఊరిబడిలో ఐదో క్లాసుతో ఆపేశాను. ఆ తరవాత చేతికి పిండి అంటింది గాని సిరా అంటలేదు. ఏమీ అనుకోకుండా చదువుకో. అర్థం కానిచోట మీ అమ్మకి చూపించు. మా చెల్లెలికి నా రాత అలవాటే.

ఫోను చెయ్యొచ్చు కదా మావయ్యా అంటావు. ఫోనులో నాకు మాట పెగలదు. పిండిమర చప్పుడుకి చెవులు సగం పోయాయి, గట్టిగా అరవాలి. అరిస్తే పక్క గదిలో నా కూతురు, మీ వదిన, వింటుంది. ఇది దానికి తెలియకుండా అడిగే సంగతి.

నువ్వు కంప్యూటర్లు బిగించే షాపులో ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. మీ వదిన కంప్యూటర్ పాతబడింది. పొద్దున కూర్చుంటుంది. అన్నానికి పిలవడానికి వెళితే తెర మీద అదే బొమ్మ. దీపం వేయడానికి వెళితే అదే బొమ్మ. కంపెనీలకి గీసి ఇచ్చే బొమ్మలు మానేసినట్టుంది. ఇది దాని సొంత బొమ్మల సినిమా, మన పాత పిండిమర గురించి తీస్తున్నది. ఏళ్లుగా తీస్తోంది. ఇదివరకు రోజుకి ఐదారు బొమ్మలు మారేవి. ఇప్పుడు ఒక్కటి కూడా మారడం లేదు.

అడిగితే "అవుతుంది నాన్నా" అంటుంది. అంతే. కుర్చీ తెరకి బాగా దగ్గరికి లాక్కుంది. తల ఒక పక్కకి వంచి చూస్తుంది, కోడి గింజని చూసినట్టు. అన్ని గంటలు కూర్చుంటే మెడ పట్టదా మరి.

పేపరులో రెండు రకాల ప్రాసెసర్లు వేశారు. ఒకటి ఇళ్లలో వాడేది. రెండోది వర్క్‌స్టేషన్లో వాడేది, పెద్ద పనులకట. ఏది కొనాలి? పెద్దదే మంచిదా? డబ్బు గురించి నువ్వు ఆలోచించకు. నాకు వేరే ఖర్చేముంది.

మీ వదినకి చెప్పకు.

మీ మావయ్య


షాపు, మేడ మీద రిపేరు గది
గురువారం

మావయ్యా,

నమస్కారం. మీ ఉత్తరం వచ్చిందని షాపులో అందరూ నా చుట్టూ చేరారు. మా యజమాని అయితే "కోర్టు నోటీసా?" అని భయపడ్డాడు. మీ రాతకి ఏం తక్కువ? కొన్ని అక్షరాలు పక్కవాటి భుజాల మీద ఎక్కి కూర్చున్నాయి గాని, కిందపడి ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

ఇక మీరడిగింది. మీకు మర భాషలో చెబుతాను.

మామూలు ప్రాసెసర్ అంటే పదహారు రాళ్లున్న మర అనుకోండి. రాళ్లు తక్కువే గాని ఒక్కోటీ గిర్రున తిరుగుతుంది. వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ అంటే అరవైనాలుగు రాళ్ల మర. ఒక్కో రాయి కాస్త నిదానం. మరి ఏది గొప్ప? ఎవరు ఎంత గింజ తెచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. డబ్బాడు గింజలతో ఒక్కడే వచ్చాడనుకోండి, వాడికి ఒక్క రాయే పనికొస్తుంది. అది ఎంత జోరుగా తిరిగితే వాడు అంత త్వరగా ఇంటికి పోతాడు. మిగతా అరవైమూడూ వాడి మొహం చూస్తూ నిలబడతాయి. అదే బండ్లకి బండ్లు బస్తాలు దిగాయనుకోండి, అప్పుడు పెద్ద మరకి తిరుగులేదు. గింజ పోసే తొట్లు కూడా దానికి ఎక్కువ. కరెంటు తాగేస్తుంది, కొలిమిలా కాగుతుంది. ధర మాట ఎత్తొద్దన్నారు కాబట్టి ఎత్తను.

మొన్న ఒక పెద్దమనిషి వచ్చి "మీ దగ్గర అన్నిటికంటే పెద్దది ఇవ్వమ్మా" అన్నాడు. "ఏం పని చేస్తారండీ దాని మీద?" అన్నాను. "పేకాట" అన్నాడు.

అందుకని ముందు ఇది చెప్పండి. వదిన బొమ్మ గీశాక, మిషను దానికి వెలుగూ నీడా లెక్కకట్టి అసలు రూపం తెస్తుంది కదా. ఆవిడ "ఉడకబెట్టడం" అంటుందే, అదే. ఇప్పుడు మిషను ఆలస్యం చేసేది ఎక్కడ? ఒక్క బొమ్మ ముందు కూర్చుని గీసేటప్పుడా? లేక అన్నీ కలిపి ఉడకబెట్టేటప్పుడా? దాన్ని బట్టి ఏది కావాలో చెబుతాను.

మీ మేనకోడలు


ఇల్లు, వెనక వసారా

అమ్మడూ,

అడిగాను. అన్నీ కలిపి ఉడకబెట్టడం ఇంకా మొదలుపెట్టలేదట. అన్ని బొమ్మలూ అయ్యాయి, ఆఖరున ఒక ముఖం మిగిలింది. సినిమాలో మరవాడు వెనక్కి తిరిగి చూస్తాడు, ఆ ముఖం. అది కుదిరాక అన్నీ ఒకేసారి ఉడకబెడుతుందట. కాబట్టి ఆలస్యం ఒక్క బొమ్మ ముందే.

ఆ ముఖం నాదేనని మాటల్లో తెలిసింది. నిన్న దగ్గరికి వచ్చి, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా వచ్చి చూసింది. తల ఇటు వంచి, అటు వంచి. "కదలకు నాన్నా" అంది. నాకు సిగ్గేసింది. పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లిపోయాను. పొయ్యి మీద పాలు లేవు.

మీ మావయ్య


షాపు, మేడ మీద

మావయ్యా,

అయితే సందేహమే లేదు. మామూలుది చాలు. ఒక్క బొమ్మ గీయడానికి జోరుగా తిరిగే రాయి కావాలి గాని రాళ్ల గుట్ట కాదు. పెద్దది పెడితే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. నిజానికి గీసేటప్పుడు మామూలుదే దానికంటే చురుగ్గా ఉంటుంది. ఉడకబెట్టేటప్పుడు ఆలస్యమవుతుంది, ఐదారు నెలలు పడితే పడుతుంది. ఏం తొందర? ఎవరైనా తరుముకొస్తున్నారా?

ఈ ఏడాది వచ్చినవాటిలో మంచిది ఏరి పెట్టాను. వానలు ముదరకముందే మా షాపు మనిషి తెచ్చి బిగిస్తాడు. వదినకి నేను ముచ్చటపడి పంపానని చెప్పండి. తిడితే నన్ను తిడుతుంది, నాకు అలవాటే.

పొంగని పాలకి పరిగెత్తిన మావయ్యని మిమ్మల్నే చూశాను.

మీ మేనకోడలు


ఇల్లు, వసారా
వాన

అమ్మడూ,

ఈ ఉత్తరం రాయడానికి మొహమాటంగా ఉంది. నువ్వు మంచి మనసుతో పంపావు.

కొత్తది బిగించి నెల దాటింది. మీ వదిన నవ్వింది. "నా మిషనుకేం నాన్నా, బాగానే ఉందిగా, మరదలికెందుకు ఈ శ్రమ" అంది. నా మీద జాలితో అంటోందనుకున్నాను.

కాని ఏమీ మారలేదు. అదే కుర్చీ. అదే ముఖం. పొద్దున ఎక్కడ ఉందో రాత్రికీ అక్కడే. ఇదివరకు పాట పెట్టుకునేది పని చేస్తూ. అదీ లేదు.

నీ మీద నేరం వేయడానికి రాయడం లేదు. బిగించినవాడు ఏదైనా వదులుగా వదిలాడేమో అడుగు. కాకపోతే నేను మొదట అడిగిన పెద్దది. నాకు తెలియదు. నువ్వే చెప్పాలి.

మీ మావయ్య


షాపు, మేడ మీద

మావయ్యా,

మీ ఉత్తరం చూసి మా మనిషిని నిలదీశాను. వాడు ఒట్లు పెట్టుకుంటున్నాడు, అన్నీ సరిగ్గానే బిగించానని. వాడి పని మీద నాకూ నమ్మకమే. మరి ఆ మిషను మీద ఒక్క బొమ్మకి రోజంతా పట్టడం అనేది జరగదు. ఎక్కడో తేడా ఉంది.

ఒక పని చెయ్యండి. చిన్నప్పుడు నేనూ వదినా బస్తాల మీద ఎక్కి కూర్చుని చూసేవాళ్లం, గుర్తుందా? మీరు మోటారు మీద అరచేయి ఆనించి "బరువు పడింది" అనో, "ఊరికే తిరుగుతోంది" అనో చెప్పేవారు. చెవికి వినపడకపోయినా చేతికి వినపడేది మీకు.

వదిన అలా ఆగిపోయి కూర్చున్నప్పుడు ఆ డబ్బా వెనక చేయి పెట్టి చూడండి. ప్రాసెసర్ కష్టపడుతుంటే వెనకనుంచి వేడిగాలి కొడుతుంది, ఫ్యాను వణుకు చేతికి తెలుస్తుంది. అలా వేడి కొడితే చిన్న ప్రాసెసర్ చాలడం లేదని అర్థం, పెద్దదానికి మారుద్దాం. ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయండి.

మీ మేనకోడలు


ఇల్లు, వసారా

అమ్మడూ,

చేయి పెట్టాను.

మంచినీళ్లు ఇచ్చే వంకతో వెళ్లాను. అది ముఖం వైపు చూస్తూ ఉంది. కన్ను ఒక్కటే తెరంతా నింపేసింది, అంత పెద్దది చేసుకుంది. దాన్నే తల వంచి చూస్తోంది. కదలడం లేదు. నేను వెనక చేయి పెట్టాను. గాలి వస్తోంది గాని అందులో వేడి లేదు. చల్లగా ఉంది. వణుకు లేదు. కాసేపాగి చీపురు తీసుకుని మళ్లీ వెళ్లాను. అలాగే కూర్చుంది. చల్లగానే ఉంది. సాయంత్రం మళ్లీ పెట్టాను. ఒక్కసారి వేడి తగిలింది, దానికి ఆశపడ్డాను. చిటికెలో ఆగిపోయింది, తెర మీద నీడ మారింది. మళ్లీ చల్లన.

మంచినీళ్ల గ్లాసు దాని ఎదురుగా పెట్టి వచ్చాను. చేయి తగిలి పడిపోయింది. "ఇక్కడ పెట్టానని చెప్పొచ్చుగా నాన్నా" అని కసిరింది. కసరడం దానికి అలవాటు లేదు. ఎదురుగానే పెట్టాను మరి.

ఉన్నదున్నట్టు రాశాను.

మీ మావయ్య


షాపు

మావయ్యా,

ఉత్తరం అందింది. ఆ మిషను చాలదు. పెద్దదే పెడదాం. నేను చూసుకుంటాను. మీరు ఇంకేమీ ఆలోచించకండి. వదినతో నేను మాట్లాడాను, బాగానే ఉంది. మీరు చలికి జాగ్రత్త.

మీ మేనకోడలు


ఇల్లు, వసారా

అమ్మడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదవడానికి అందులో ఏమీ లేదు. అందుకే అన్నిసార్లు చదివాను.

నీ మాట మారింది. మొదట పెద్దది వద్దన్నావు. వేడి కొడితేనే పెద్దది అన్నావు. వేడి లేదని రాశాను. ఇప్పుడు పెద్దదే అంటున్నావు. చల్లగా ఉంటే పెద్దదెందుకు?

నేను చదువుకోలేదు గాని మర ఆడించాను. తొట్టిలోంచి గింజ పడకపోతే రాయి చల్లగానే ఉంటుంది. అప్పుడు ఇంకో రాయి తెచ్చిపెట్టే తెలివితక్కువవాడు ఉండడు. గింజ ఎందుకు పడడం లేదో చూస్తాడు. నీ ఉత్తరం వచ్చాక ఇది తట్టింది. నీకు ముందే తట్టింది.

ఎప్పుడూ ఒక వేళాకోళమైనా రాసేదానివి. ఈసారి "చలికి జాగ్రత్త" అని రాశావు. నాకు భయం వేసింది.

మిషను ఊరికే ఉంది. మరి ఆలస్యం ఎవరిది? నిజం రాయి.

మీ మావయ్య


ఇంటి నుంచి
(అమ్మ కూడా పక్కనే ఉంది)

మావయ్యా,

నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ తిడుతుందే, ఈసారి నానింది. అది నానినన్నాళ్లూ అన్నం సయించలేదు. వదిన నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

మిషను చల్లగా ఉందని మీరు రాసిన ఉత్తరం అందిన రోజే వదినకి ఫోను చేశాను. "మిషను నీకోసం కాచుకుని కూర్చుంటోంది, నువ్వు దేనికోసం కూర్చుంటున్నావు?" అన్నాను. ముందు ఒట్టు వేయించుకుంది. తరవాత చెప్పింది.

వదినకి చూపు పోతోంది. నడిమి భాగం. అంచులు ఉంటాయట. గోడ, తలుపు, మనిషి వస్తున్నాడని, ఇవి తెలుస్తాయి. ముఖాలు, అక్షరాలు, గీసే గీత, ఇవి పోతాయి. ముందు ఒక కన్ను మసకబారింది, ఇప్పుడు రెండోది. తల పక్కకి వంచి చూస్తుందని మొదటి ఉత్తరంలోనే రాశారు మీరు. అది మెడ కాదు మావయ్యా. పక్క చూపుతో పట్టుకోవాలని చూస్తోంది. కంపెనీ పని మీద వెళుతున్నానని మీకు చెప్పి రెండు ఆసుపత్రులు తిరిగింది. రెండుచోట్లా ఒకటే మాట. మందు లేదు. ఈ చలికాలం నిలవడం కష్టం అన్నారట.

మీకెందుకు చెప్పలేదని అరిచాను. "నాన్నకి చెబితే ఏమంటాడో తెలుసా? ఏమీ అనడు. నాకు అదే భయం" అంది.

పెద్దది ఎందుకంటే ఇందుకు. వదినకి ఒక్కటే కోరిక, సినిమా మొత్తం ఒక్కసారి తన కళ్లతో చూసుకోవాలని. నేను పంపిన మామూలుదాని మీద ఉడికేసరికి చలికాలం పోయి ఎండలొస్తాయి. పెద్దదాని మీద అయితే నెలా, నెలన్నర. సినిమాలో గాలిలో ఎగిరే పిండి ఉంది కదా, ప్రతి రేణువూ విడివిడిగా వేసింది మహాతల్లి. ఆ బరువు మామూలుదాని మెమరీలో, అంటే తొట్టిలో, ఒకేసారి పట్టదు. ఇది బండ్లకొద్దీ బస్తాల పని. అరవైనాలుగు రాళ్లూ కావాలి. ఉడికే కాలం ఎంత తగ్గిస్తే వదిన కళ్లకి అంత మిగులుతుంది.

"ఏం తొందర, ఎవరైనా తరుముకొస్తున్నారా" అని రాశాను నేను. ఆ వాక్యం గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలని ఉంది.

మీ మేనకోడలు


మర దగ్గర నుంచి

అమ్మడూ,

ఉత్తరం ఇంట్లో చదవలేకపోయాను. మర మూసి ఏళ్లయింది, తాళంచెవి నా దగ్గరే ఉంది. లోపల కూర్చుని చదివాను. ఇక్కడే రాస్తున్నాను. ఇంకా మూలల్లో పిండి ఉంది, గట్టిపడిపోయింది.

నీ తప్పు లేదు. నేను ఏ గింజ తెచ్చానో దానికి తగ్గ రాయి చూపించావు. తప్పు గింజ తెచ్చింది నేను. రోజూ దాని ముఖం చూస్తూ, మిషను చూశాను.

అది అన్నది నిజమే. నేను ఏమీ అనలేను. ఇంటికి వెళ్లి ఏమనాలో ఇక్కడ కూర్చుని ఆలోచించాను. ఒక్క మాటా దొరకలేదు. కాబట్టి నాకు తెలుసని దానికి చెప్పకు. దానికి ఆ భయం లేకుండా పని చేసుకోనీ.

పెద్దది పంపు. త్వరగా పంపు.

మీ మావయ్య


షాపు, మేడ మీద

మావయ్యా,

పెద్దది తయారైంది. మా మనిషితో నేనే వద్దామనుకున్నాను, వదిన వద్దంది. "నువ్వొచ్చి ఏడిస్తే నాన్నకి తెలిసిపోతుంది" అంది. మీకు తెలుసని ఆవిడకి తెలియదు, ఆవిడ దాస్తోందని మీకు తెలుసు, నడుమ నేను మద్దెలలా రెండుపక్కలా వాయింపబడుతున్నాను.

ఇల్లు ఇలా సిద్ధం చేయండి. ఆ గదికి వేరే లావుపాటి వైరు లాగించండి, పాతది దీన్ని మోయలేదు. గోడకి ఆనించకండి, ఊపిరాడాలి. మామూలుది తీసేయొద్దు. గీయడానికి అదే చురుకు, ఉడకబెట్టడానికి ఇది. రెండూ పక్కపక్కన ఉంటాయి. ముఖం కోసం ఆగొద్దని వదినకి చెప్పాను, మిగతావన్నీ ముందు ఉడికిపోతాయి, ముఖం కుదిరాక అదొక్కటీ చివర పడేస్తుంది.

ఇంకో సంగతి. ఇన్నాళ్లు ఏకబిగిన లెక్కలు కట్టేటప్పుడు లోపల ఎక్కడో ఒక్క అంకె తారుమారైనా బొమ్మ చెడొచ్చు. ఇందులో పెట్టిన మెమరీకి ఒక గుణం ఉంది, అలాంటి తప్పు దొర్లితే తనే పట్టుకుని దిద్దుకుంటుంది. ఇళ్లలో వాడే వాటికి సాధారణంగా ఆ గుణం ఉండదు. కాబట్టి ఒకసారి ఉడికిందంటే ఉడికినట్టే, తిరిగి చూసుకోనక్కర్లేదు.

చలికి మీకు వేరే కుంపటి అక్కర్లేదు. దాని వెనక కూర్చోండి.

మీ మేనకోడలు


ఇల్లు, పిల్ల గది

అమ్మడూ,

నీకు రాసి చాలా రోజులైంది. అది ఉడికినన్నాళ్లూ నేను దాని వెనకే కూర్చున్నాను. రాయబుద్ధి కాలేదు.

ఎంత వేడి! మర రోజులు గుర్తొచ్చాయి. చేయి పెడితే అన్ని రాళ్లూ బరువు మీద ఉన్నట్టు తెలిసేది. మామూలుది పక్కన చల్లగా ఉండేది. వేడి తగ్గితే అరచేయి గట్టిగా ఆనించేవాణ్ణి, ఒక బొమ్మ అయ్యి ఇంకో బొమ్మ ఎక్కుతోందని మళ్లీ తెలిసేది. మీ వదిన మామూలుదాని ముందు ముఖం గీస్తూ ఉండేది. ఇద్దరం ఒకే గదిలో.

నెల దాటాక ఒక రోజు "అయింది నాన్నా" అంది. ముఖం కూడా వేసేశానంది. మర్నాడు పొద్దున్నే కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశాను. నేను బయటికి పోబోయాను. "ఎక్కడికి, కూర్చో" అంది. "నువ్వు చెప్పాలి. నాకు నడిమి కనబడదు. అది నీకు తెలుసు."

గోడ పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"స్టూళ్లూ బల్లలూ అన్నీ గోడకి జరిపేశావు నాన్నా. నెల కిందటే. గ్లాసు నా చేతికే ఇస్తున్నావు. నాకు తెలియదనుకున్నావా?" అంది. నవ్వుతూనే అంది.

మనం ఇంత వేడి పెట్టించి, ఇంత తొందరపెట్టి, అందలేదు అమ్మడూ. చలికాలం ఇంకా సగమే అయింది. దాని కళ్లు ఆగలేదు.

చెప్పాను. నాకు చెప్పడం వచ్చా? "మర తలుపు" అన్నాను. "తెరుచుకుందా?" అంది. "తెరుచుకుంది. లోపల ఎండ పడింది, ఏటవాలుగా" అన్నాను. "పిండి?" అంది. "ఎగురుతోంది." "ఎలా నాన్నా?" "చక్రం మీంచి పట్టా జారినప్పుడు ఎగిరేదే, మోటారు ఆపగానే గాలిలో నిలబడిపోయేదే, అలా" అన్నాను. "హమ్మయ్య, కుదిరిందన్నమాట" అంది. అలా చివరిదాకా చెప్పాను. బతుకులో అంత మాట్లాడింది లేదు. గొంతు బొంగురుపోయింది. బస్తాల మీద ఇద్దరు పిల్లలు కూర్చుని కాళ్లు ఊపుతుంటారు, ఒకదానికి ముందుపన్ను లేదు. అది నువ్వే. అదీ చెప్పాను, నవ్వింది.

ఆఖరున మరవాడు వెనక్కి తిరిగాడు. ముఖం తెరంతా వచ్చింది.

ఒక కన్ను ఉండవలసినచోట లేదు. కిందికి జారింది, బుగ్గ మీదికి. రెండో కన్ను బాగానే ఉంది. ముక్కు, మీసం, మీసం మీద పిండి, అన్నీ బాగున్నాయి. ఆ కన్ను ఒక్కటీ. చూస్తే ఎవరికైనా ముందు అదే కనబడుతుంది.

తప్పు దొర్లితే మిషను తనే పట్టుకుంటుందని రాశావు. ఈ తప్పు దాని తప్పు కాదు కదా. మీ వదిన ఎలా వేస్తే అలాగే, ఎంతో శ్రద్ధగా ఉడికించింది.

"ముఖం ఎలా ఉంది?" అంది.

"నాలాగే ఉంది" అన్నాను.

అది చేయి చాపి నా ముఖం తడిమింది. నుదురు, కళ్లు, బుగ్గలు. ఆ రోజు పాల వంకతో లేచిపోయాను. ఈసారి కదల్లేదు. "వేడిగా ఉందేం నాన్నా, జ్వరమా?" అంది. "గది వేడి" అన్నాను. అప్పటికి పెద్ద మిషను ఆపేసి ఉంది.

ఇప్పుడు సినిమాని బయటికి పంపుతానంటోంది. నలుగురూ చూడాలంటోంది. ముందు నువ్వు వచ్చి చూడాలట. మరదలు చూసి బాగుందంటేనే పంపుతుందట. నా మాట దానికి చాలలేదేమో. తండ్రి కదా అంటాడులే అనుకుందేమో.

నువ్వు వస్తే నీకూ కనబడుతుంది. దానికి చెప్పకుండా నీకు తెలిసినవాళ్ల చేత ఆ కన్ను దిద్దించొచ్చు. పెద్ద మిషను ఉంది, ఒక్క ముఖం మళ్లీ ఉడకడానికి ఎంతసేపు. ఆలోచించాను. అలా చేస్తే అది ఎవరి బొమ్మ అవుతుంది? చెప్పేద్దామా అంటే, చెప్పినా అది దిద్దలేదు. ఉన్న కాస్త చూపునీ ఆ కన్ను కోసం ఖర్చుపెట్టేసింది.

నాకైతే అలాగే ఉండనిద్దామని ఉంది. అది నన్ను ఆఖరుసారి చూసినప్పుడు నేను అలా కనబడ్డాను. చూసేవాళ్లు ఏమైనా అననీ.

కాని నీ మనసులో ఏముందో నాకు తెలియాలి. నీ నోట్లో నువ్వుగింజ నానదు. నిన్ను కూడా అది అదే అడుగుతుంది, ముఖం ఎలా ఉందని. నువ్వేమంటావో ముందే రాసి పంపు. నువ్వు ఒకటీ నేను ఒకటీ అనకూడదు. రోజూ గుమ్మంలో కూర్చుంటోంది, మరదలు ఎప్పుడొస్తుందని అడుగుతోంది. నేను పోస్టు వచ్చే వేళకి వీధిలో నిలబడుతున్నాను. ఆలస్యం చెయ్యకు తల్లీ, ఈ ఉత్తరం అందగానే రాయి.

మీ మావయ్య